ఎనిమిదేళ్ళ పిల్లాడికి షటిల్ కోచింగా, వీధి ఆటలా?

మీ బాబుని కోచింగ్‌లో వేయాలా, వీధిలో ఆడుకోనివ్వాలా అని అడిగారు. మాదీ అమలాపురం దగ్గరేనండి. 2022లో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి కామన్వెల్త్ క్రీడల్లో షటిల్ డబుల్స్ స్వర్ణం గెలిచాక, ఆ ఊపులో మావాణ్ణి అకాడమీలో చేర్చాను. అప్పుడు వాడికీ ఎనిమిదే.

రోజూ అయిదింటికి లేపేవాణ్ణి. కోర్టు పక్కన నిలబడి "కాలు కదుపు" అని అరిచేవాణ్ణి. బండి మీద ఇంటికొచ్చేదాకా ఏ పాయింట్ ఎందుకు పోయిందో అడిగేవాణ్ణి. కొన్ని నెలలకి వాడికి పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. డాక్టరు గారు చూసి ఏమీ లేదన్నారు. పండక్కి అకాడమీ మూసిన రోజున మాత్రం నొప్పి వచ్చేది కాదు.

ఆ వేసవిలో రాజోలు దగ్గర అమ్మమ్మగారి ఊరు వెళ్ళాం. దాళ్వా (రెండో పంట వరి) కోతలై, కాలువలు కట్టేసిన రోజులు. ఇంటి వెనక ఎండిన చేలో పిల్లలు కొబ్బరి మట్ట బ్యాటుతో క్రికెట్ ఆడుతున్నారు. బంతి బోదెలో, అంటే చేలోని చిన్న కాలువలో, పడితే అవుట్. నాలుగేళ్ళ బుడ్డోడు ఆటలో అరటిపండు, వాణ్ణి ఎన్నిసార్లయినా ఆడనిస్తారు. రనౌట్ దగ్గర గొడవైతే నేను లేచాను. "మీరు కూర్చోండి బాబూ, వాళ్ళే తేల్చుకుంటారు" అన్నారు అత్తయ్యగారు. రెండు నిమిషాల్లో ఆ బంతి మళ్ళీ వేసుకున్నారు. మావాడు చీకటిపడ్డా ఇంటికి రానన్నాడు. ఏడాదిగా వాడి మొహంలో ఆ సంతోషం చూడలేదండి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన సలహా తర్వాత చదివాను. 15, 16 ఏళ్ళ దాకా ఒకే ఆటకి కట్టేయొద్దని, వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆటకి విరామం ఇవ్వమని అంది.

ఇప్పుడు మావాడికి కోచింగ్ వారానికి మూడు రోజులే. గేటు దగ్గర దింపి వచ్చేస్తాను. స్కోరు అడగను, వాడు చెబితే వింటాను. మిగతా సాయంత్రాలు వీధిలోనే, ఏడుపెంకులో క్రికెట్టో వాళ్ళిష్టం. కాలువ స్నానానికి మాత్రం పెద్దవాళ్ళం ఒకరం గట్టు మీద ఉంటాం, అక్కడ రాజీ లేదు.

భీమవరం వైపు చాలా చేలు చేపల, రొయ్యల చెరువులైపోయాయి, పిల్లలు ఆడుకునే చోటు తగ్గింది. మీది అటైతే బడి మైదానం సాయంత్రం తెరిచి ఉంచమని నలుగురు తల్లిదండ్రులు కలిసి హెడ్మాస్టరు గారిని అడగండి. కోచింగ్ కూడా వేయండి, తప్పు లేదు. మొదటి నెల మాత్రం మీరు కోర్టు లోపలికి వెళ్ళకండి.