పిల్లలే ప్రశ్నలు రాస్తే

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలను చరిత్ర, భూగోళం పాఠాలపై ఆలోచింపజేసే ప్రశ్నలు స్వయంగా రాయమంటే, అందరూ ‘ఎవరు’, ‘ఎప్పుడు’ అన్నవే రాసుకొస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, చిత్తూరు

జవాబు: వాటిని కొట్టివేయకండి, విషయం తెలియనిదే తర్కం సాగదు. ‘తళ్లికోట యుద్ధం ఎప్పుడు జరిగింది?’ అని ఒక విద్యార్థి రాశాడనుకుందాం. 1565 అనగానే ఆ ప్రశ్న పని అయిపోతుంది. అయితే ఆ ఓటమి తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి కాలక్రమంలో చంద్రగిరికి మారిందని చెప్పి, దక్షిణ భారత పటాన్నీ, కొండను ఆనుకొని ఉన్న చంద్రగిరి కోట ఫొటోనూ ముందుంచితే, ‘రాజధానిని దక్షిణానికి జరపడం వల్ల ఆ రాజులు ఏం కాపాడుకున్నారు, ఏం వదులుకున్నారు?’ అని అదే విద్యార్థి రాయగలడు. నా దృష్టిలో ఇదే అసలైన ప్రశ్న, ఎందుకంటే దీనికి జవాబు పాఠంలోని ఏ ఒక్క వాక్యంలోనూ దొరకదు.

భూగోళానికి స్వర్ణముఖి చాలు. ఏడాదిలో చాలా కాలం ఇసుక మేటలతో కనిపించే ఈ నది 2021 నవంబరులో ఎందుకంతగా పొంగిందో అడిగితే, ఈశాన్య రుతుపవనాలు, శేషాచలం వాలు, ఊరి చెరువుల స్థితి అన్నింటినీ కలిపి చూడక తప్పదు.

ఆలోచనను తేలిక నుంచి కష్టం దాకా మెట్లుగా విభజించి, ఒక్కో మెట్టుకు తగిన క్రియాపదాలు చూపే బ్లూమ్ వర్గీకరణ పట్టికను మాత్రం మొదటిరోజే పిల్లలకు ఇవ్వకండి. అందులోని క్రియాపదాలను అతికించి ప్రశ్న అయిపోయిందనుకుంటారు. రాసిన ప్రశ్నను పక్క విద్యార్థికి ఇచ్చి, రెండు ఆధారాలతో జవాబు రాయించండి. ఒక్క మాటతో జవాబు ముగిస్తే, ప్రశ్నను తిరగరాయమనండి.