నీళ్లు మానేస్తే పొట్ట తగ్గదు.. ముందు ఆ కాలు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 26. మొదటి కాన్పు. ఆపరేషన్ చేసి బాబును తీశారు. ఇవాళ్టికి 12 రోజులు. పుట్టింట్లో ఉన్నాను. అమ్మ పూటకు ఒక చిన్న గ్లాసు కాచిన నీళ్లే ఇస్తోంది. ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందట, కుట్లు చీము పడతాయట. పప్పు, కూరలు, పెరుగు బంద్. వెల్లుల్లి కారం, నెయ్యి వేసిన అన్నమే రెండు పూటలా. విరేచనం కాక చాలా ఇబ్బందిగా ఉంది. ఈ పథ్యం ఎన్నాళ్లు చేయాలి? బాబుకు రోజూ వస అరగదీసి నాకిస్తున్నారు, సాంబ్రాణి పొగ వేస్తున్నారు. మంచిదేనా? పడుకునే ఉండటం వల్లనేమో, రెండు రోజుల నుంచి ఎడమ పిక్క లాగుతోంది, కాస్త వాచింది. అమ్మ నూనె రాసి మర్దన చేస్తోంది.
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: పథ్యం గురించి అంతా అడిగాక, ఆఖర్న ఏదో మాటవరసకు అన్నట్టు రాసిన పిక్క నొప్పి దగ్గరే నేను ఆగిపోయాను. మా ఓపీలోనూ ఇంతే. పావుగంట ఏవేవో మాట్లాడి, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ అసలు సంగతి చెబుతారు. మీకు నిన్ననే మెయిల్ పంపాం, ఈపాటికి ఆసుపత్రికి వెళ్లే ఉంటారనుకుంటున్నాను. మిగతా బాలింతలకూ తెలియాలని మళ్లీ రాస్తున్నాను.

కాన్పు తర్వాత ఆరు వారాల దాకా రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ. కాన్పులో రక్తం మరీ పోకుండా శరీరం చేసుకునే ఏర్పాటే అది. దానికి తోడు మీకు ఆపరేషన్ అయింది, రోజంతా మంచం మీదే ఉంటున్నారు, నీళ్లు తాగడం లేదు. ఇలాంటప్పుడు కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అది ఎక్కువగా ఎడమ కాలికే వస్తుంది. ఒక టేపు తీసుకుని మోకాలికి బెత్తెడు కింద రెండు పిక్కలూ కొలవండి. రెండు సెంటీమీటర్లో, అంతకు మించో తేడా ఉంటే అనుమానం గట్టిపడుతుంది. తేడా లేకపోయినా చూపించుకోవడం మానొద్దు. వట్టి కండరాల నొప్పే కావచ్చు, కానీ కాలికి డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం పారే తీరు చూసే స్కాన్) చేస్తే గానీ ఆ మాట అనలేం.

మర్దన మాత్రం వెంటనే ఆపేయమనండి. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకు వస్తుంది. ఆయాసం వచ్చినా, గాలి పీల్చేటప్పుడు ఛాతీలో పొడిచినట్టున్నా, దగ్గితే రక్తం పడినా స్కాన్ సెంటర్ల చుట్టూ తిరగకుండా 108కి ఫోన్ చేయండి. ఒకవేళ గడ్డ ఉందని తేలినా టెన్షన్ పడొద్దు. దానికి ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు బాలింతలకు వాడొచ్చు, బాబుకు పాలు మాన్పించక్కర్లేదు.

ఇక నీళ్లు. పొట్ట ఎత్తుగా కనిపించేది గర్భసంచి ఇంకా ముడుచుకోకపోవడం వల్ల, సాగిన కండరాలు వదులుగా ఉండటం వల్ల. గర్భసంచి మామూలు సైజుకు రావడానికి ఆరు వారాలు పడుతుంది, మీరు చెంబుడు తాగినా, గుక్కెడు తాగినా. మీ బాబు ఇప్పుడు రోజుకు అర లీటరుకు పైగానే పాలు తాగుతుంటాడు. పూటకో చిన్న గ్లాసు తాగితే మీ ఒంటికి ఏం మిగులుతుంది? విరేచనం గట్టిపడటానికి సగం కారణం ఇదే. కాచి చల్లార్చిన నీళ్లే కావాలంటే అలాగే కానివ్వండి, అందులో తప్పు లేదు. కాకపోతే లెక్క పెట్టకుండా, దాహం తీరేదాకా తాగాలి. పాలిచ్చే ప్రతిసారీ పక్కన చెంబు ఉండాలి.

పప్పు తింటే కుట్లు చీము పడతాయన్న మాట నేను రోజూ వింటాను. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. కోసిన చోట మానాలంటే మాంసకృత్తులు కావాలి, మన ఇళ్లలో అవి ఎక్కువగా వచ్చేది పప్పు నుంచే. గుడ్డు, పెరుగు, ఆకుకూరలు అన్నీ ఈ పూట నుంచే తినొచ్చు. వెల్లుల్లి కారం ఇష్టమైతే మొదటి ముద్దకు ఉంచుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు వాడాలి, రెండూ ఒకేసారి వేసుకోవద్దు. ఐరన్‌తో విరేచనం నల్లగా, కాస్త గట్టిగా అవుతుంది. దానికి భయపడి మానేయకండి, మెత్తబడటానికి సిరప్ రాయించుకోండి.

పెద్దవాళ్ల పద్ధతులన్నీ తప్పని నేను అనను. పురుడు పేరుతో పది రోజులు ఊళ్లోవాళ్లను గదిలోకి రానివ్వకపోవడం పసిబిడ్డకు ఎంతో మేలు. అయితే విశ్రాంతి అంటే మంచానికి అతుక్కుపోవడం కాదు. ఇంట్లోనే మెల్లగా అటూ ఇటూ తిరగాలి. కాలు చూపించుకుని, డాక్టర్ సరేనన్నాక మొదలుపెట్టండి.

బాబుకు వస వద్దు. ఆముదం, గ్రైప్ వాటర్, ఆఖరికి మంచినీళ్లు కూడా ఆరు నెలల దాకా వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. సాంబ్రాణి పొగ పసివాడి ఊపిరితిత్తులకు పొయ్యి పొగ లాంటిదే. స్నానం తర్వాత మెత్తటి బట్టతో తల తుడిస్తే చాలు. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. పాలు పట్టకుండా మగతగా పడి ఉన్నా, ఒళ్లు కాలినా, చల్లబడినా, ఎగశ్వాస తీస్తున్నా, అరచేతులు, అరికాళ్లు పచ్చగా కనిపించినా తెల్లారేదాకా చూడకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంకొక్క సంగతి. పుట్టింటికి వచ్చిన బాలింతల పేరు చాలాసార్లు అక్కడి ఆశా కార్యకర్త లిస్టులో ఉండదు. అత్తగారి ఊరి ఆశమ్మ, ఆమె పుట్టింట్లో ఉందిలే అనుకుంటుంది. ఇక్కడి ఆశమ్మకు మీరు వచ్చినట్టే తెలియదు. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వాళ్లు ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి. మీకు ఆపరేషన్ కాబట్టి మూడో రోజుకు ఆసుపత్రిలోనే ఉండి ఉంటారు, ఏడో రోజున ఒకసారైనా వచ్చి ఉండాలి. రాలేదంటే మీ నాన్నగారినో తమ్ముడినో పంపి కబురు చేయండి, 14వ రోజు బాబును తూకం వేయించండి. అప్పటికి పుట్టినప్పటి బరువుకు చేరుకుని ఉండాలి. చేరకపోతే డబ్బా పాలు కొనేముందు, మీరు పాలు పట్టే తీరు ఒకసారి నర్సుకో డాక్టర్‌కో చూపించండి.