కాయిల్ మార్చే ముందు: షెడ్డు పెట్టుకున్న మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు రాసిన సంగతులన్నీ చదివాను. నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు మిస్సింగ్‌తో వచ్చిందనీ, స్కానర్ పెడితే పి0302 కోడు చూపించిందనీ, రెండో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు స్పార్కు కరెంటు అందించే భాగం) మార్చి పంపిస్తే మూడు వారాలు తిరగకుండానే అదే కోడుతో మళ్ళీ నీ షెడ్డుకు వచ్చిందనీ రాశావు. కొత్త కాయిల్ నాసిరకమని అమ్మినవాళ్ళను నిలదీయాలా అని అడిగావు. నిలదీసే ముందు ఈ ఉత్తరం చదువు. కాయిల్ నాసిరకమైనా అయి ఉండవచ్చు గానీ, కొత్తది అంత త్వరగా పోయిందంటే పాతదాన్ని పాడుచేసిన కారణం ఇంకా ఆ ఇంజిన్‌లోనే ఉందని ముందుగా అనుమానించాలి.

మొదట ఆ కోడు ఏం చెబుతుందో సరిగ్గా అర్థం చేసుకో. పి0302 అంటే రెండో సిలిండర్‌లో మంట సరిగా అందుకోవడం లేదని మాత్రమే అర్థం. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు, అంటే ఈసీయూకు, కాయిల్ లోపలికి చూసే కన్ను లేదు. క్రాంక్ సెన్సర్ ముందు తిరిగే పళ్ళ చక్రం వేగాన్ని అది గమనిస్తూ ఉంటుంది. ఒక సిలిండర్ వంతు వచ్చినప్పుడు తోపు అందక క్రాంక్ కొద్దిగా నెమ్మదిస్తే, ఆ సిలిండర్ మిస్ అయిందని లెక్క కడుతుంది. ఆ తోపు అందకపోవడానికి కాయిల్ ఒక కారణం, ప్లగ్గు ఒక కారణం, ఇంజెక్టర్ ఒక కారణం, వాల్వు పట్టకపోవడం మరో కారణం. పి0351 నుంచి పి0354 వరకు ఉన్న కోడులు వేరు. అవి కాయిల్ ప్రైమరీ సర్క్యూట్‌లో, అంటే వైరు, దాన్ని కాయిల్‌కు తగిలించే కప్లర్, కాయిల్, ఈసీయూ మధ్య కరెంటు దారిలో తేడా ఉందని చెబుతాయి. పి0302తో పాటు పి0352 కూడా వచ్చి ఉంటే నీ చూపు వైరింగ్ మీదకు వెళ్ళాలి. పి0300 ఒక్కటే వచ్చి సిలిండర్ నంబరు తేలకపోతే, ఒక కాయిల్ కోసం వెతకడం మాని, అన్నిటికీ కలిపి వెళ్ళే సప్లై, ఎర్త్, ఫ్యూయల్ ప్రెషర్, మానిఫోల్డ్ గాలి లీకు చూడాలి.

కాయిల్ అంటే చిన్న ట్రాన్స్‌ఫార్మర్. బ్యాటరీ 12 వోల్టుల కరెంటు కొన్ని మిల్లీసెకన్ల పాటు ప్రైమరీ చుట్టలో పారుతుంది. దాన్ని ఒక్కసారిగా తెంచినప్పుడు సెకండరీ చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు గ్యాపును దూకుతాయి. ఎన్ని వోల్టులన్నది ఆ గ్యాపు ఎంత అడిగితే అంత. ఐడ్లింగ్‌లో తక్కువ చాలు. యాక్సిలరేటర్ నొక్కి సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు 20 వేలు దాటవచ్చు. ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే ఒక్కో కాయిల్ సెకనుకు 25 సార్లు ఈ పని చేస్తుంది, అదీ వేడెక్కిన హెడ్డు నడిమధ్యన కూర్చుని. అందుకే కాయిల్ ఇన్సులేషన్‌లో సన్నని పగులు ఉన్నప్పుడు బండి నంద్యాల బజారులో బాగానే తిరిగి, గిద్దలూరు వెళ్ళే నల్లమల ఘాటులో ఏసీ వేసుకుని మూడో గేరులో ఎక్కేటప్పుడు జర్కులు కొడుతుంది. కస్టమర్ ఘాటులో మిస్ అవుతోందంటే, షెడ్డులో నిలబెట్టి రెండుసార్లు రేస్ చేసి బాగానే ఉందని పంపించకు. ఎప్పుడు వస్తోంది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, వాన తర్వాతా, బోనెట్ కింద నీళ్ళు కొట్టించాకా అని ఓపికగా అడుగు. సగం జబ్బు ఆ జవాబుల్లోనే దొరుకుతుంది.

చెక్ లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటే మాత్రం కస్టమర్‌ను బండి నడిపించుకుని రమ్మనవద్దు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండి, లోపలి గూడును కరిగించేస్తుంది. ఒక కాయిల్ ఖరీదుకూ కన్వర్టర్ ఖరీదుకూ పోలికే లేదు. ఆ పెట్రోలే సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి కూడా దిగుతుంది.

ఇక పరీక్ష. నేను చెప్పే పరీక్షకు ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇగ్నిషన్ ఆపి, ఇంజిన్ చల్లారాక, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో దానిలోకి, మూడో దాన్ని రెండో దానిలోకి మార్చు. ప్లగ్గులను ఇప్పుడే కదపకు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది తప్పో చెప్పలేవు. కోడులు చెరిపి, తాళం పూర్తిగా ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యి. ఈ చివరి మాట తేలిగ్గా తీసుకోకు: కన్వర్టర్‌ను కాపాడటానికి కొన్ని ఈసీయూలు మిస్ అయ్యే సిలిండర్‌కు పెట్రోలు ఆపేస్తాయి, తాళం తిప్పి కొత్తగా మొదలుపెట్టకపోతే ఆ సిలిండర్ మంచి కాయిల్‌తోనూ పనిచేయదు, నువ్వు లేనిపోని నిర్ణయానికి వస్తావు. ఆ తర్వాత బండిని ఏ లోడు మీద మిస్ అవుతోందో ఆ లోడు మీదే నడిపి చూడు. కోడు పి0303కు మారితే తప్పు కాయిల్‌దే. పి0302 దగ్గరే ఉండిపోతే కాయిల్ నిర్దోషి. ఇప్పుడు ప్లగ్గులను అటూఇటూ మార్చు, అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ (సిలిండర్ నిలబెట్టే ఒత్తిడి) చూడు. కంప్రెషన్‌లో అంకె ఎంత వచ్చిందన్న దానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికన్నా స్పష్టంగా తక్కువ ఉంటే ఇగ్నిషన్ వైపు వెతకడం ఆపి వాల్వుల వైపు తిరుగు.

ఈ మార్పిడి పద్ధతి ఒక్కో ప్లగ్గుకు ఒక్కో కాయిల్ ఉన్న బండ్లకే వర్తిస్తుంది. పాత బండ్లలో ఒకటి–నాలుగుకు ఒక కాయిల్, రెండు–మూడుకు ఒక కాయిల్ ఉండి, వైర్ల ద్వారా ప్లగ్గులకు కరెంటు వెళ్ళే ఏర్పాటు ఉంటుంది. అక్కడ జతలోని రెండు సిలిండర్లూ కలిసి మిస్ అయితే కాయిల్‌ను అనుమానించు. ఒక్కటే మిస్ అయితే ఆ వైరునూ, దాని టోపీనీ, ప్లగ్గునూ ముందు చూడు.

మల్టీమీటర్ గురించి అడిగావు. కప్లర్‌లో రెండే వైర్లున్న కాయిల్ అయితే ప్రైమరీ కొలవవచ్చు. చాలావాటిలో ఒక ఓము అటూఇటూగా ఉంటుంది. మీటరు వైర్లకే 0.2, 0.3 ఓముల నిరోధం ఉంటుంది కాబట్టి, ముందు రెండు మొనలూ కలిపి ఎంత చూపిస్తుందో చూసి దాన్ని తీసివెయ్యి. మూడు, నాలుగు వైర్ల కాయిల్‌లో స్విచ్చింగ్ సర్క్యూట్ లోపలే ఉంటుంది, సెకండరీ వైపు కొన్నిటిలో డయోడు ఉంటుంది, కాబట్టి మీటరు చూపించే అంకెకు అర్థం ఉండదు. రెండు వైర్లదైనా సరే, చల్లగా బల్ల మీద ఉన్నప్పుడు సరైన అంకె చూపించి, ఇంజిన్ మీద వేడెక్కాక చేతులెత్తేసే కాయిల్స్ ఎన్నో చూశాను. మీటరు పోయిన కాయిల్‌ను పట్టిస్తుంది, మంచి కాయిల్‌కు హామీ ఇవ్వదు. మీటరును నేను ఎక్కువగా కప్లర్ దగ్గరే వాడతాను: ఇగ్నిషన్ వేసినప్పుడు సప్లై పిన్నుకు బ్యాటరీ వోల్టేజీ పూర్తిగా వస్తోందా, ఎర్త్ గట్టిగా ఉందా, కప్లర్‌ను కదిపితే అంకె మారుతోందా అని. రాత్రిపూట ఆరుబయట నిలిపే బండ్లలో ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి, ఆ జాడ కోసం కూడా చూడు.

ఒక్క విషయంలో నా మాట జవదాటవద్దు. ఇంజిన్ తిరుగుతుండగా కాయిల్‌ను పైకి లాగి, మోత మారుతుందా అని చూసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. నేనూ అలాగే నేర్చుకున్నాను. దూకడానికి దారి దొరకని ఆ వోల్టేజీ కాయిల్ ఇన్సులేషన్‌నే చీల్చవచ్చు, ఈసీయూలో కాయిల్‌ను నడిపే సర్క్యూట్‌ను దెబ్బతీయవచ్చు, నీ చేతిలోంచి పారవచ్చు. స్పార్కు చూడాలనుకుంటే స్పార్క్ టెస్టర్ పెట్టుకో. ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలుసుకోవాలంటే ఒక్కో ఇంజెక్టర్ కప్లర్‌ను తీసి చూడు. ఏది తీసినప్పుడు ఇంజిన్ మోతలో తేడా రాలేదో అదే నీ సిలిండర్.

ఇప్పుడు నీ బండి దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఇలాంటి పొరపాటే నేనూ చేశాను. షెడ్డు పెట్టిన తొలి రోజుల్లో ఒక టాక్సీకి వరసగా రెండుసార్లు ఒకే సిలిండర్ కాయిల్ మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు ఆ డ్రైవరు ఏమీ అనలేదు, బండి తాళం బల్ల మీద పెట్టి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు అతని సంపాదన పోయిందని నాకు తెలుసు. అప్పుడు కాయిల్ తీసి టార్చి వేసి ప్లగ్గు గుంతలోకి చూస్తే అడుగున ఆయిల్ నిలిచి ఉంది. టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర ట్యూబు సీలు గట్టిపడి, ఆయిల్ కొద్దికొద్దిగా గుంతలోకి దిగుతోంది. ఆ ఆయిల్‌లో నానిన కాయిల్ రబ్బరు బూటు ఉబ్బి మెత్తబడి, లోపలి కరెంటు ప్లగ్గు మొన దాకా వెళ్ళకుండా పక్కనున్న హెడ్డులోకి దూకుతోంది. మొదటిసారే చూసి ఉంటే ఒక సీలుతో పోయే పని అది.

కాబట్టి కాయిల్ తీసిన ప్రతిసారీ మూడు చోట్ల చూడు. గుంతలో ఆయిల్ ఉందా, నీళ్ళు ఉన్నాయా చూడు. బూటు లోపలా బయటా తెల్లని, నల్లని సన్నగీతలున్నాయా చూడు. ప్లగ్గు పింగాణీ మీద పైనుంచి కిందకు పెన్సిలుతో గీసినట్టు నల్లటి చార ఉందా చూడు. ఆ చార కరెంటు దొంగదారి పట్టిన జాడ. గుడ్డతో తుడిస్తే పోదు. చార పడ్డ ప్లగ్గును అలాగే ఉంచి కొత్త కాయిల్ పెడితే, ఆ చార వెంట దూకే కరెంటు కొత్త బూటును కూడా కాల్చేస్తుంది. నీ బండిలో జరిగింది ఇదేనని నా గట్టి అనుమానం, ఎందుకంటే నువ్వు రాసిన దానిలో ప్లగ్గు ఊసే లేదు.

గ్యాపు కూడా కొలువు. మొన అరిగి గ్యాపు పెరిగితే ప్రతి స్పార్కుకూ కాయిల్ ఎక్కువ వోల్టేజీ పుట్టించాలి, ఆ భారానికే అది త్వరగా పోతుంది. మామూలు నికెల్ ప్లగ్గులు సుమారు 30 వేల నుంచి 40 వేల కిలోమీటర్లకు, ఇరిడియంవి సుమారు లక్షకు మార్చుకోవలసి వస్తాయి. ఖచ్చితమైన అంకె ఆ బండి పుస్తకంలో చూసుకో. సీఎన్‌జీ బండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ గ్యాసును అంటించడానికి పెట్రోలుకన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి, కాబట్టి పెట్రోలు మీద బాగానే నడిచి గ్యాసు మీద మిస్ అయ్యే బండిలో గ్యాసు కిట్టును విప్పే ముందు ప్లగ్గులూ కాయిల్స్ చూడు. కిట్టు మీద నింద వేసి రెండు రోజులు వృథా చేసిన వాళ్ళను చూశాను.

నీళ్ళ సంగతి మాకు 2024 సెప్టెంబరులో బుడమేరు వరద బాగా నేర్పింది. విజయవాడలో మునిగిన బండ్లకు కాయిల్స్ ఆరబెట్టడం చివరి పని. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి, సిలిండర్లలో నీళ్ళు లేవని తేల్చుకోకుండా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు వానకో, బోనెట్ కింద పైపుతో కడిగినందుకో వచ్చిన తడి అయితే గుంతలను గాలితో ఊది ఆరబెట్టి, బూట్లు పగలలేదని చూసుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

బిగించేటప్పుడు తొందర వద్దు. ప్లగ్గు విప్పే ముందు గుంతను గాలితో ఊదు, లేకపోతే ఇసుక సిలిండర్‌లో పడుతుంది. హెడ్డు అల్యూమినియం కనుక చల్లారాకే విప్పు. కొత్త ప్లగ్గు మరను చేత్తోనే ఎక్కించి, చివర టార్కు పానా వాడు. వాషరున్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 25–30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15–20 సాధారణం. బండి పుస్తకం వేరే చెబితే అదే పాటించు. ఇరిడియం మొనను గేజితో వంచకు, విరుగుతుంది. బూటు లోపలి అంచుకు డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వనిది) పలుచగా రాస్తే తడి చేరదు, మళ్ళీ తీసేటప్పుడు చిరగదు. కాయిల్ బోల్టును బలంగా తిప్పకు, కింది మర ఊడి వస్తుంది.

అన్ని కాయిల్స్ ఒకేసారి మార్చాలా అన్న దానికి నా అభిప్రాయం ఇది. తక్కువ తిరిగిన బండిలో ఒకటి పోతే ఒకటే మార్చు. లక్ష దాటిన బండిలో రెండోది కూడా పోయిందంటే మిగతావీ అదే వయసువని ఓనరుకు చెప్పు, నిర్ణయం ఆయనకు వదిలెయ్యి. తీసిన పాత కాయిల్‌ను ఆయన చేతిలో పెట్టు. చవకగా దొరికే పేరులేని కాయిల్‌ను మాత్రం ఎవరు అడిగినా వెయ్యకు. చూడటానికి అచ్చు కంపెనీ కాయిల్‌లాగే ఉంటుంది, లోపలి రాగీ ఇన్సులేషనూ ఎంత నాసిగా ఉన్నాయో పైనుంచి తెలియదు.

రేపు ఆ కారు దగ్గర ముందు రెండో ప్లగ్గు విప్పి, పింగాణీ అన్ని వైపులా కనిపించేలా ఫోటో తీసి పంపు. గుంతలో పొడిగుడ్డ తిప్పి, దానికి ఆయిల్ అంటిందో లేదో కూడా చెప్పు. అవి చూశాక సీలు తెప్పించాలా, నాలుగు ప్లగ్గులతో సరిపెట్టాలా మాట్లాడుకుందాం. అంతవరకు ఆ బండిని ఘాటు ఎక్కించవద్దని ఓనరుకు గట్టిగా చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య,
ఆటోనగర్, విజయవాడ