ఎముకల డాక్టరు వేరు, డీఓ వేరు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. అమెరికాలో ఉన్న మా తమ్ముడు మొన్న ఫోన్ చేసి, 'నీట్ టెన్షన్ ఎందుకక్కా, ఇక్కడ డీఓ చదివించు, అదీ డాక్టరే' అన్నాడు. ఆస్టియోపతి అంటే ఎముకల డాక్టరేనా? ఇంటర్ అవగానే చేరొచ్చా?
- ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: మీ తమ్ముడు చెప్పింది సగం నిజమమ్మా. అమెరికాలో ఎండీ (అక్కడ అది మన ఎంబీబీఎస్ లాంటి డాక్టరు డిగ్రీ) ఎలాగో డీఓ, అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ చదివినవాళ్లు కూడా అలాగే పూర్తి స్థాయి డాక్టరు, మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, పిల్లల డాక్టరైనా గుండె డాక్టరైనా కావచ్చు. మనం ఎముకల డాక్టరనేది ఆర్థోపెడిక్ సర్జన్‌ని, అది వేరే. ఆస్టియో అంటే ఎముక కాబట్టి అందరూ ఇక్కడే పొరబడతారు. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు, ముగ్గురు పిల్లలు మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపు) చనిపోయాక అప్పటి మందుల మీద నమ్మకం పోయి, చేత్తో ఒళ్లు సరిచేసే ఆస్టియోపతి అనే పద్ధతి ఒకటి తయారుచేసుకుని 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టారు. ఇప్పటికీ డీఓ విద్యార్థులు మామూలు వైద్యంతో పాటు దాదాపు 200 గంటలు ఆ చేతి వైద్యం నేర్చుకుంటారు.

ఇక మీ తమ్ముడు చెప్పని సగం. ఇంటర్‌తో చేరడం కుదరదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ అనే మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష, తర్వాత నాలుగేళ్ల డీఓ, మధ్యలో కామ్లెక్స్ అనే డీఓ లైసెన్సు పరీక్షలు, ఆపైన కనీసం మూడేళ్ల రెసిడెన్సీ (ఆసుపత్రిలో చేసే శిక్షణ), అంటే తక్కువలో తక్కువ పదకొండేళ్లు! అదీగాక గ్రీన్‌కార్డు లేని పిల్లల్ని చాలా కాలేజీలు తీసుకోవు, అక్కడి ప్రభుత్వ రుణం కూడా వీళ్లకి రాదు. ఇంగ్లండ్‌లో ఆస్టియోపతి డిగ్రీ అని ఎవరైనా చెబితే ఇంకా జాగ్రత్త, అది చదివితే ఆస్టియోపాత్ అవుతారు గానీ మందులు రాసే డాక్టరు కారు.

నన్నడిగితే నీట్ వదలొద్దు. విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లోనే మొదలైంది, శ్రీకాకుళంలో రిమ్స్ ఎలాగూ ఉంది. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. అమెరికా మోజు అప్పటికీ తీరకపోతే యూఎస్ఎంఎల్ఈ అనే అక్కడి డాక్టరు లైసెన్సు పరీక్ష రాసి నేరుగా రెసిడెన్సీకి పోటీ పడొచ్చు, మళ్లీ డీఓ చదవక్కర్లేదు. సీటు రాక, చేత్తో చేసే వైద్యమే ఇష్టమంటే ఫిజియోథెరపీ ఉంది, కాకపోతే అది డాక్టరు చదువు కాదని ముందే చెప్పండి.

ఈసారి తమ్ముడు ఫోన్ చేస్తే, గ్రీన్‌కార్డు లేకుండా తీసుకునే కాలేజీ ఏదో పేరు చెప్పమనండి. ఫీజులో మేనమామ వాటా ఎంతో కూడా అడగండి.