ఐలాండూ కావాలి, చేపల పులుసూ కావాలి

ప్రశ్న: మేడమ్ గారూ, ఒంగోలులో కొత్తపట్నం రోడ్డు వైపు ఇల్లు కడుతున్నాం. శ్లాబు పడింది. వంటగది ఆగ్నేయంలో వచ్చింది. తూర్పు పడమరలు 8 అడుగులు, ఉత్తర దక్షిణాలు 11. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి హాల్లో కలిసిపోయే ఓపెన్ కిచెన్, మధ్యలో ఐలాండు (చుట్టూ తిరిగేలా విడిగా ఉండే గట్టు), తెల్ల కబోర్డులు కావాలంటోంది. మా అత్తగారు రోలు ఎక్కడ పెడతారని అడుగుతున్నారు. మావారేమో చీమకుర్తిని పక్కన పెట్టుకుని అక్కడి గెలాక్సీ గ్రానైట్ తప్ప వేరే రాయి వేస్తే నామోషీ అంటున్నారు. ఏ స్టైల్ తీసుకోమంటారు?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ముగ్గురి కోరికలూ రాశారు గానీ, రోజూ పొయ్యి దగ్గర నిలబడే మీరు ఏం వండుతారో ఒక్క ముక్క రాయలేదమ్మా. కొత్తపట్నం రోడ్డంటే సముద్రం వైపే కాబట్టి వారానికి రెండుసార్లయినా చేపలని నేనే అనుకుని చెబుతున్నా.

ముందు ఐలాండు. 8 అడుగుల వెడల్పులో తూర్పు గట్టుకు 2 అడుగులు పోతే మిగిలేది 6. అందులో రెండున్నర అడుగుల ఐలాండు పెడితే రెండు పక్కలకీ కలిపి మూడున్నర. అంటే ఒక్కో వైపు అడుగు ముప్పావు. డ్రాయరు తెరిస్తే మీరు బయటికి రావాలి, మీ అత్తగారు లోపలికి వస్తే మళ్లీ డ్రాయరు మూయాలి. అమ్మాయికి ఈ లెక్క పంపండి, తనే మానుకుంటుంది.

ఇంత చిన్న గదిలో మాడ్యులర్ ఏం కుదురుతుందిలే అని మాత్రం అనుకోకండి. ఈ మాడ్యులర్లన్నిటికీ ముత్తవ్వ లాంటి వంటగదిని 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ల కోసం మార్గరెట్ షూట్టె లిహోట్స్కీ అనే ఆవిడ గీసింది. రైళ్లలో భోజనాల పెట్టె వంటగదిని చూసి, ఇంత ఇరుకులో అంతమందికి ఎలా వండుతున్నారా అని లెక్కలు వేసుకుంది. ఆ గది 1.9 మీటర్లు, 3.4 మీటర్లు. అంటే పొడవు మీదంతే, వెడల్పు ఆరడుగుల చిల్లర. దాంతో పోలిస్తే మీది మైదానం.

ఇక ఓపెన్ కిచెన్ సంగతి నన్ను అడగాలి. నెల్లూరులో మా ఫ్లాటుకు నేను ముచ్చటపడి చేయించుకుంది అదే. ఇవాళ వండిన పులుసు రేపు తింటేనే రుచి అనే ఊరు మాది. మూకుట్లో పులుసు ఊరేలోపు సోఫా కవర్లూ, మా ఆయన ఇస్త్రీ చొక్కాలూ కూడా ఊరేవి. మా ఆడపడుచు గడపలో చెప్పులు విడుస్తూనే "ఏం వదినా, నిన్న కొరమేనా?" అనేది. ఒక్కసారి కూడా తప్పలేదు. మూడేళ్లు పడి, ఆ గోడ తిరిగి కట్టించాను. మీరు గోడ ఉంచి, హాలు వైపు మూడడుగుల జారుడు అద్దాల కిటికీ పెట్టించండి. అమ్మాయి వచ్చినప్పుడు తెరవండి, చేపల రోజు మూయండి. చిమ్నీ గొట్టం తిన్నగా తూర్పు గోడలోంచి బయటికి పోవాలి. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరుతో పనిచేసే రకం ఆవిరిని గదిలోకే వదులుతుంది.

మీ గదికి ఎల్ ఆకారం గట్టు సరిపోతుంది. తూర్పు గోడంతా, దక్షిణం గోడ కొంత. పొయ్యి ఆగ్నేయ మూలకు దగ్గరగా, తూర్పు ముఖంగా. సింకు ఈశాన్యం వైపు, దాని పైన కిటికీ. వాస్తు చెప్పేదీ ఇదే కాబట్టి ఇంట్లో పంచాయితీ ఉండదు. ఫ్రిజ్ హాలు తలుపు పక్కన పడమటి గోడకు. పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య నడక మొత్తం కలిపి 13 నుంచి 26 అడుగుల లోపు ఉండాలంటారు. మీకు పదిహేడో పద్దెనిమిదో వస్తుంది.

గట్టు ఎత్తు మేస్త్రికి వదిలేయకండి. చెప్పుల్లేకుండా నిలబడి మోచెయ్యి మడవండి. మోచేతికి నాలుగైదు అంగుళాల కింద కూరగాయలు తరిగే గట్టు ఉండాలి. అయిదడుగుల మనిషికి సుమారు 32, 33 అంగుళాలు. మామూలు స్టవ్ గట్టు మీద ఇంకో నాలుగైదు అంగుళాలు లేస్తుంది, దాని మీద గిన్నె. అప్పుడు గరిటె తిప్పాలంటే భుజం ఎగరేయాల్సిందే. అందుకని స్టవ్ ఉన్న మూడడుగుల మేర గట్టును 4 అంగుళాలు దించమనండి. రాయి అతుకు పడుతుందని మేస్త్రి సణుగుతాడు. సణగనివ్వండి, సాయంత్రానికి నొప్పి పుట్టేది అతని భుజం కాదు.

రాయి విషయంలో మీవారి మాటకే నా ఓటు. చింతపండు పులుసు ఒలికితే పాలరాయి పాలిష్ తినేస్తుంది, గ్రానైట్ చెక్కుచెదరదు. కాకపోతే గెలాక్సీ నల్లటి నునుపు మీద బోరు నీళ్ల ఉప్పు మరకలు తెల్లగా కనబడతాయి. అదే రాయిని లెదర్ ఫినిష్‌లో, అంటే అద్దంలా కాకుండా తోలులా కొంచెం గరుకుగా ఉండేలా అడగండి. బంగారు చుక్కల మెరుపు కొంచెం తగ్గుతుంది, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, ఎక్కడికీ పోవు.

2015 నవంబరు వానలు నెల్లూరువాళ్లు మరిచిపోరు. రెండో అంతస్తులో ఉన్నాం, ఇంట్లోకి నీళ్లు రాలేదు. అయినా ఆ చెమ్మకూ, సింకు గొట్టం కారే చుక్కలకూ కలిపి ఎమ్‌డీఎఫ్ (చెక్క పొట్టు అదిమి చేసిన పలక) కబోర్డు అడుగు పూరీలా పొంగింది. చేసినవాళ్లను పిలిస్తే "నీళ్లు తగిలితే వారంటీ ఉండదండీ" అన్నారు. వంటింట్లో నీళ్లు తగలని చెక్క ఎక్కడుంటుంది నాయనా! మీరు సింకు కిందైనా నీళ్లకు తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడండి. పెట్టెలు నేలకు ఆనకుండా 4 అంగుళాల కాళ్ల మీద నిలబెట్టండి. సముద్రం దగ్గర కాబట్టి హింజీలూ, డ్రాయరు ఛానెళ్లూ తుప్పు పట్టని 304 గ్రేడు స్టీలువి. తెల్ల తలుపులు పైవరుసకు ఇచ్చి అమ్మాయిని సంతోషపెట్టండి. కిందవరుస మీద పసుపు చేతులు పడతాయి, అక్కడ ముదురు రంగే.

రోలు పెరట్లోకి, చేపలు తోమే రాయి పక్కకి. కుళాయి ఒకటి అక్కడ వేయించండి. మీ అత్తగారు పచ్చడి నూరేటప్పుడు ఆ చప్పుడు గ్రానైట్ గట్టు మీద కాకుండా నేల మీద ఉండటమే మేలు.

ప్రశ్న: గ్యాస్ సిలిండరు కనబడకుండా గట్టు కింద తలుపు బిగిస్తానంటున్నాడు మా కార్పెంటరు. పర్వాలేదా?
— ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: తలుపు పెట్టించండి, కానీ గట్టిగా మూసుకునేది వద్దు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి తలుపుకు అడుగున జాలీ ఉండాలి. పైన మాత్రమే చిల్లులు పెట్టి వదిలేస్తుంటారు, ఒప్పుకోకండి. సిలిండరు నిలువుగానే ఉండాలి, రెగ్యులేటరు దాకా చెయ్యి తేలిగ్గా పోవాలి. ముందు సామాన్ల డ్రాయరు అడ్డం పెట్టనివ్వకండి.