హ్యారీ, హెర్మయనీ జంట కుదిరేదెలా?

ప్రశ్న: హ్యారీ పాటర్ పాత్రలతో సొంతంగా అల్లిన కథలో (ఫ్యాన్ ఫిక్షన్) హెర్మయనీని హ్యారీతో కలిపాను. అసలు కథలో ఆమె రాన్‌ని చేసుకుంటుంది కదా, చదివినవాళ్లు అతకలేదంటున్నారు. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: కథ ఎక్కడ చీలుతుందో ముందు తేల్చుకోండి. ఆరో పుస్తకంలో వద్దు. తోటి విద్యార్థిని లావెండర్‌తో తిరుగుతున్న రాన్ మీదికి పిట్టల్ని ఉసిగొల్పేంత అసూయ చూపించిన పిల్ల, మర్నాడే మనసు మార్చుకుందంటే ఎవరు నమ్ముతారు?

ఏడో పుస్తకం నయం. ముగ్గురూ పరారీలో తలదాచుకున్న గుడారాన్ని రాన్ గొడవపడి వదిలిపోతాడు, వీళ్లిద్దరే మిగులుతారు. క్రిస్మస్ ముందు రాత్రి హ్యారీ తల్లిదండ్రుల సమాధి దగ్గర ఆమె మంత్రంతో పూలచక్రం సృష్టిస్తుంది. మార్పు అక్కడ మొదలవనివ్వండి, ముద్దు మాత్రం అప్పుడే వద్దు. రాన్ తిరిగొచ్చేలోపు ఇద్దరికీ విషయం అర్థమైతే చాలు. ఆలస్యమైతే, ఆమె తనకు చెల్లెల్లాంటిదని హ్యారీ రాన్‌తో అనేస్తాడు. ఆ మాట దాటడం మహా కష్టం.

హ్యారీ ప్రేమించిన జిన్నీని, అంటే రాన్ చెల్లెల్ని, మర్చిపోకండి. పరారీలో ఉండి కూడా హ్యారీ, మనుషులెక్కడున్నారో చుక్కలుగా చూపించే మాయా మ్యాప్‌లో ఆమె చుక్కనే చూస్తుంటాడు. ఆ అలవాటు తగ్గడం రెండు మూడు చోట్ల కనిపించాలి.

ఇక రాన్‌ని దుర్మార్గుణ్ని చేయడం ఈ కథలకు పాత రోగం. ఏడో పుస్తకంలో మాయా లాకెట్ అతనికి చూపించిన భయం, అంటే హ్యారీ, హెర్మయనీ ఒకటవడం, మీ కథలో నిజమవుతోంది. ఆ దెబ్బకు ఒక పూర్తి అధ్యాయం ఇవ్వండి.