ఎల్‌కేజీ ఫీజుకు ప్రభుత్వం డబ్బిస్తుందా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బడి ఈడు రాని పిల్లల చదువు గురించి, అంగన్‌వాడీల గురించి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు నిండాయి. ఆయన కొబ్బరి దింపు పనికి, నేను పీచు మిల్లుకు వెళ్తాం. కాన్వెంటులో ఎల్‌కేజీకి ఏడాదికి 18,000 అడుగుతున్నారు. చిన్నపిల్లల చదువుకు ప్రభుత్వం డబ్బిస్తుందంటున్నారు. తల్లికి వందనం మాకు వస్తుందా?
- ఒక తల్లి, అంబాజీపేట మండలం

జవాబు: ఇప్పుడు రాదమ్మా. 2025 జూన్‌లో మొదలైన ఆ పథకం ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకే. ఏడాదికి 15,000 లెక్కగట్టి, బడి నిర్వహణకు 2,000 మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేస్తారు. మీ పాప ఒకటో తరగతిలో చేరాక, మీ కుటుంబానికి అర్హత ఉంటే అప్పుడు వస్తుంది.

అంతకంటే చిన్నపిల్లలకు ప్రభుత్వం పెట్టే ఖర్చు తల్లిదండ్రుల చేతికి రాదు. అంగన్‌వాడీకి సరుకుగా, జీతాలుగా, ఆటసామానుగా చేరుతుంది. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) మొదలైన దగ్గర్నుంచీ ఇదే పద్ధతి. ఇప్పుడు ఆ పథకం పేరు సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0. తిండికి కేంద్రం కట్టిన రేటు ఒక్కో పిల్లకు రోజుకు 8 రూపాయలు. ఏడాదికి 300 రోజుల చొప్పున 2,400. అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. రోజూ గుడ్డు, పాలు ఇవ్వాలంటే 8 రూపాయలు ఏ మూలకూ చాలవు, ఆ పైది రాష్ట్రం వేసుకోవాల్సిందే. ఆటపాటల కిట్టుకు ఒక్కో అంగన్‌వాడీకి ఏడాదికి 5,000.

తిండి సొమ్ము పేర్లను బట్టి, హాజరును బట్టి కదులుతుంది. మీ పాప పేరు ఎక్కకపోతే ఆమె వంతు బియ్యం, గుడ్లు ఆ ఊరికి రానే రావు. పిల్లను కాన్వెంటు వ్యానెక్కించి పేరు మాత్రం అంగన్‌వాడీలో ఉంచుదామని కొందరు సలహా ఇస్తారు. వినకండి. హాజరు లేని పేరు వల్ల మీకు ఒరిగేదేమీ లేదు, టీచరుకు మాత్రం తనిఖీలో తలనొప్పి.

“అక్కడ అన్నం పెట్టి పంపుతారు, చదువేముంది” అనే మాట మీ ఉత్తరంలోనూ ఉంది. చదువు ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా అంతా ఒకే పునాది దశ. అంగన్‌వాడీల కోసం 2024లో కేంద్రం ‘ఆధారశిల’ అనే పాఠ్యక్రమం ఇచ్చింది. అందులో 48 వారాలకు వారంవారీ ప్రణాళిక ఉంది. అది జరుగుతోందో లేదో కనిపెట్టడం కష్టం కాదు. నెలకోసారి తల్లిదండ్రులను పిలిచి జరపాల్సిన ఈసీసీఈ దినం (చిన్నపిల్లల చదువు దినం) ఎప్పుడని అడగండి. ఆ రోజు వెళ్లి, కిట్టులోని పూసలు, దిమ్మెలు, బొమ్మల కార్డులు పిల్లల చేతుల్లో ఉన్నాయా, బీరువాలో ఉన్నాయా చూడండి. అవి పోతే తమ జీతంలోంచి కట్టాలేమోనన్న భయంతో టీచర్లు తాళం వేసి ఉంచే చోట్లు ఉన్నాయి. టీచరుతో తగవు పడేకంటే, అరిగినవీ విరిగినవీ స్టాకు రిజిస్టరులో రాయించమని సూపర్‌వైజరును అడగడం మేలు. అప్పుడు తాళం దానంతటదే తీస్తారు.

కాన్వెంటే కావాలనుకుంటే విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద ప్రైవేటు బడుల్లో పేదపిల్లలకు 25 శాతం సీట్లున్నాయి. పూర్వప్రాథమిక తరగతులు నడిపే బడికి అక్కడి నుంచే ఇది వర్తిస్తుందని చట్టంలో ఉంది. మన రాష్ట్రంలో మాత్రం నోటిఫికేషన్ ఒకటో తరగతి ప్రవేశాలకే ఇస్తున్నారు. అనాథలు, హెచ్‌ఐవీ బాధితుల పిల్లలు, దివ్యాంగులకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీ పేదలకు 6 శాతం. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఎంపిక లాటరీలో. ఎల్‌కేజీ, యూకేజీ రెండేళ్లూ అంగన్‌వాడీలో చదివించి, ఒకటో తరగతికి ఈ 25 శాతం సీట్లకు ప్రయత్నించడమే మీ చేతిలోని డబ్బుకు సరిపోయే దారి అని మా అభిప్రాయం.

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటున్నాం. మాది మన్యం. పెద్దవాడికి నాలుగేళ్లు, చిన్నదానికి ఇరవై నెలలు. ఊళ్లోని అంగన్‌వాడీకి వెళ్తే మీ పేర్లు వేరే చోట ఉన్నాయి, ఇక్కడ ఎక్కవన్నారు. చిన్నదానికి ఆధార్ లేదు, పుట్టిన సర్టిఫికెట్టూ లేదు. అంగన్‌వాడీ మా గుడిసెకు మూడు కిలోమీటర్లు.
- కాళ్ల మండలం, పశ్చిమ గోదావరి

జవాబు: మీరు అడిగినవి నాలుగు వేర్వేరు చిక్కులు. ఒక్కో దానికి ఒక్కో దారి.

పేర్లు ఎక్కవన్నది సగం నిజం. అంగన్‌వాడీ పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఒకే మనిషి రెండు చోట్ల ఉండకూడదు. అయితే ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలు అందులోనే ఉంది, జిల్లా దాటినా, రాష్ట్రం దాటినా. పాత అంగన్‌వాడీ ఊరు, మండలం, అక్కడ రాయించిన తల్లి ఆధార్, ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి కొత్త టీచరుకు ఇవ్వండి. పాత టీచరుకు మీరే ఫోన్ చేసి మేం వెళ్లిపోయాం, మార్చండి అని చెప్పండి. ఎక్కువసార్లు పని ఆగేది ఇక్కడే. అక్కడ పేరు వదలరు, ఇక్కడ దొరకదు. వారంలో తేలకపోతే కాగితం మీద రాసి సీడీపీఓ (శిశు అభివృద్ధి పథకం అధికారి) ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి.

చిన్నదానికి ఆధార్ లేదని వెనక్కి పంపకూడదు. పిల్లల ఆధార్ తప్పనిసరి కాదు, తల్లి ఆధార్‌తోనే నమోదు చేస్తారు. మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం పొడి లాంటి, ఇంటికిచ్చే సరుకుకు ఇప్పుడు ముఖ గుర్తింపు పెట్టారు. అది తప్పడానికి మామూలు కారణాలు మూడు: ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు మారిపోవడం, నమోదైన తల్లి బదులు నాయనమ్మ వెళ్లడం, చీకటి గదిలో ఫొటో తీయడం. మూడోది వాకిట్లోకి వస్తే సరిపోతుంది. నంబరు మారితే ముందు ఆధార్‌లో మార్పించుకోండి.

పుట్టిన సర్టిఫికెట్టు మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీకి అదే రుజువు, వేరే కాగితం పనికిరాదు. కాన్పు ఎక్కడైతే నమోదూ అక్కడే, ఇప్పుడుంటున్న చోట కాదు. 21 రోజుల లోపయితే ఉచితం, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మీ పాప ఏడాది దాటింది కాబట్టి ఆ దారే. ఆసుపత్రి కాన్పయితే డిశ్చార్జి కాగితం, ఇంటి కాన్పయితే ఆశా కార్యకర్త రాసిన తల్లీబిడ్డల కార్డు వెతికి పట్టుకెళ్లండి.

ఇక మూడు కిలోమీటర్ల సంగతి. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. చెరువు గట్ల మీద గుడిసెలు ఎడంగా ఉంటాయి, మీ ఒక్కరి లెక్కతో 40 రారు. దగ్గర్లోని ఇటుక బట్టీలు, కాలనీ కూడా కలిపి లెక్కపెట్టండి. పిల్లల పేరు, పుట్టిన తేదీ, తల్లి సంతకం, ఇప్పుడున్న కేంద్రానికి దూరం, మధ్యలో దాటాల్సిన కాలువలు ఒక పట్టికగా రాసి సీడీపీఓకు ఒకటి, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజున ఒకటి ఇవ్వండి. అర్జీ నంబరు వస్తుంది, 1100కు ఫోన్ చేస్తే దాని స్థితి చెబుతారు. ‘దూరం’ అని ఊరికే రాసిన అర్జీలు తేలిగ్గా పక్కకు పోతాయి, పట్టికతో ఉన్నవాటికి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు.

ప్రశ్న: మాది లంక. అంగన్‌వాడీ అద్దె పెంకుటింట్లో నడుస్తోంది, ఏటా వరదకు మునుగుతుంది. సొంత భవనానికి నిధులెలా?
- ఒక వార్డు సభ్యుడు, యలమంచిలి మండలం

జవాబు: సక్షమ్ అంగన్‌వాడీ పథకం మార్గదర్శకాల్లో ఒక్కో భవనానికి 12 లక్షలు. ఉపాధి హామీ నుంచి 8, 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి 2, శిశు సంక్షేమ శాఖ నుంచి 2. ఆ ఆర్థిక సంఘం కాలం 2025-26తో సరి. కాబట్టి తీర్మానం రాసే ముందే ఏ వాటా ఏ పద్దు నుంచి వస్తుందో ఎంపీడీఓ దగ్గర తేల్చుకోండి.

అసలు గండం స్థలం. పంచాయతీ పేరున కాగితం లేని చోట భవనం మంజూరు కాదు. ఏటిగట్టు, కాలువ పోరంబోకు ఇస్తామంటే ఒప్పుకోవద్దు, జలవనరుల శాఖ అభ్యంతరం దగ్గర ఆగిపోతుంది. దాత స్థలమిస్తే మాట కాదు, రిజిస్ట్రేషను కావాలి.

తర్వాత పునాది. 1986 ఆగస్టు, 2022 జులై వరదల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద చూపించగలవాళ్లు మీ ఊళ్లో ఉంటారు. ఇంజినీరును ఆ గోడల దగ్గరికి తీసుకెళ్లి, నేలమట్టం కనీసం 2022 గుర్తుకు పైన ఉండేలా అంచనా వేయించండి. లంక మట్టిలో పునాదికి, మెరక తోలడానికి సొమ్ము ఎక్కువ పోతుంది. మామూలు నమూనా అంచనాతో మొదలుపెడితే బేస్‌మెంట్ దగ్గరే ఆగుతుంది. తేడా ఎవరు భరిస్తారో ముందే తీర్మానంలో రాయండి.

కట్టేదాకా ఆగాలి కాబట్టి ఒక జాగ్రత్త. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. అప్పుడే బియ్యం, పప్పు, నూనె, బాలామృతం, బరువు తూచే యంత్రం, రిజిస్టర్లు ఎత్తయిన ఇంటికి చేర్చాలి. కాజ్‌వే మునిగాక పడవ మీద మనుషులకే చోటుండదు. తడిసిన పొడి ప్యాకెట్లు పైకి బాగానే ఉన్నా వాడకండి, లోపల బూజు పడుతుంది.

ప్రశ్న: రొయ్యల ప్లాంటులో పనిచేస్తాను. పాపను ఎక్కడ వదలాలి?
- భీమవరం

జవాబు: ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీతో కలిపి నడిపే క్రెష్‌లు (పగటిపూట పిల్లల్ని చూసుకునే చోట్లు) ఉన్నాయి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు, ఒక్కో చోట 25 మంది, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. ప్లాంటు షిఫ్టు వేళలకు ఇవి కుదరకపోవచ్చు. అయితే 50 మంది, అంతకు పైగా పనిచేసే సంస్థ తానే క్రెష్ ఏర్పాటు చేయాలని 2017 నుంచి చట్టం ఉంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూడొచ్చు. కాంట్రాక్టరు మనుషులు మా లెక్కలోకి రారని ప్లాంటు అంటే, కార్మిక శాఖకు నలుగురైదుగురు కలిసి రాసివ్వండి. ఒక్కరే రాస్తే మర్నాడు పని ఉండదన్న భయం మాకూ తెలుసు.

ప్రశ్న: డిగ్రీ చదివాను. పేదపిల్లలకు ప్లేస్కూల్ పెడితే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందా?
- నరసాపురం

జవాబు: సొంతంగా పెట్టే ప్లేస్కూల్‌కు ఈ పథకాల్లో గ్రాంటు లేదు. ఇప్పిస్తామని ముందుగా ఫీజు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. పిల్లలతో పనే కావాలనుకుంటే, అంగన్‌వాడీ పోస్టుల ప్రకటన మీ సీడీపీఓ ఆఫీసు బోర్డు మీద పెడతారు, అది చూస్తూ ఉండండి.